ఎస్టెస్ కీఫావర్

కేరీ ఎస్టెస్ కీఫావర్ (జూలై 26, 1903 - ఆగస్టు 10, 1963) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన న్యాయవాది, రాజకీయ నాయకుడు. టెనెసీ రాష్ట్రం నుండి 1939-1949 మధ్యకాలంలో ప్రతినిధుల సభలోను, 1949 నుండి మరణించేవరకు సెనేటులోను సభ్యుడుగా ఉన్నాడు. రెండు పర్యాయాలు డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం కోరాడు. 1956 లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు. నేరస్థుల ముఠాలపై జరిపిన విచారణ వలన ఈయన పేరు అమెరికాలో ఇంటింటికీ తెలిసింది. అయితే ఈయన పేరును నేటికీ వైద్య, ఔషధ శాస్త్ర విద్యార్థులు చదువుకోవడానికి కారణం వేరు. డాక్టరు చీటీపై అమ్మే మందుల వలన కలిగే హానిని గురించిన సమాచారం కంపెనీల బీరువాలలోనుండి బయటకు రావడానికి దారితీసిన 1962 నాటి కీఫావర్-హారిస్ సవరణ చట్టం ఈయన పట్టుదల ఫలితమే.

బాల్యం, చదువు

కీఫావర్ టెనెసీ రాష్ట్రంలోని మాడిసన్‌విల్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ కుక్ కీఫావర్ ఇనుప సామానుల వ్యాపారి, ఆ ఊరికి మేయరుగా కూడా పనిచేశాడు. తల్లి ఫ్రెడోనియా ఎస్టెస్. ఆమె పుట్టింటి పేరే కుమారుని పేరయింది. చిన్నతనంలోనే అన్నను పోగొట్టుకోవడం ఈయన మనసుపై గాఢమైన ముద్ర వేసిందని జీవితచరిత్రకారులు వ్రాశారు.

1924 లో టెనెసీ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొంది, ఒక సంవత్సరం పాటు ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తూ ఫుట్‌బాల్ శిక్షకుడుగా పనిచేశాడు. విచారణ సంఘాలలో ఒకే లెక్కను ఓపికగా మళ్ళీ మళ్ళీ అడిగి సమాధానం రాబట్టే ఈయన పద్ధతిలో ఆ ఒక్క ఏడాది ఉపాధ్యాయ వృత్తి ఛాయలు కనిపిస్తాయనుకుంటే తప్పులేదు. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో 1927 లో న్యాయశాస్త్ర పట్టా తీసుకొని, చట్టనూగా నగరంలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1935 లో గ్లాస్గోలో జన్మించిన చిత్రకారిణి నాన్సీ పిగాట్‌ను వివాహమాడాడు.

రాజకీయ ప్రవేశం

1939 లో చట్టనూగా నియోజకవర్గపు సభ్యుడు మరణించగా జరిగిన ఉప ఎన్నికలో గెలిచి కీఫావర్ ప్రతినిధుల సభలో అడుగుపెట్టాడు. ప్రభుత్వరంగంలోని టెనెసీ లోయ అధికార సంస్థను ప్రైవేటు విద్యుత్ కంపెనీల ఒత్తిడి నుండి కాపాడడానికి పాటుపడినవారిలో ఈయన ఒకడు. పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగి గుత్తాధిపత్యం సాధించడం ప్రజాస్వామ్యానికి చేటని ఈయన మొదటినుండి నమ్మాడు.

1948 లో సెనేటుకు పోటీచేసినపుడు మెంఫిస్ నగరాన్ని గుప్పిట పెట్టుకున్న ఎడ్వర్డ్ క్రంప్ వర్గం ఈయనను ఎదిరించింది. క్రంప్ పత్రికా ప్రకటనలలో కీఫావర్‌ను రాకూన్ అనే అడవి జంతువుతో పోల్చి, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ సొరుగులో చెయ్యిపెట్టే దొంగగా వర్ణించాడు. కీఫావర్ కోపగించుకోలేదు. రాకూన్ తోలుతో చేసిన టోపీ తలకు పెట్టుకొని, తాను రాకూననే ఒప్పుకొని, క్రంప్ పెంపుడు రాకూన్‌ను మాత్రం కానని ఊరూరా చెప్పాడు. జనం నవ్వారు, వోట్లు వేశారు. ఆ టోపీ జీవితాంతం ఈయన గుర్తుగా నిలిచిపోయింది.

నేర విచారణ, అధ్యక్ష పదవికి ప్రయత్నాలు

1950 మే నెలలో వ్యవస్థీకృత నేరాల పరిశీలనకు సెనేటు ఏర్పరచిన ప్రత్యేక సంఘానికి కీఫావర్ అధ్యక్షుడయ్యాడు. ఈ సంఘం 14 నగరాలలో 600 మందికి పైగా సాక్షులను విచారించింది. విచారణ టెలివిజన్‌లో ప్రసారమైంది. ఫ్రాంక్ కాస్టెలో అనే ముఠా నాయకుడు తన ముఖం చూపవద్దని కోరగా, కెమెరాలు వణుకుతున్న అతని చేతులను మాత్రమే చూపాయి. అమెరికా ప్రజలు పనులు మానుకొని ఇది చూశారు. అయితే సంఘం సిఫారసు చేసిన చట్టాలలో అప్పటికి నెగ్గినవి బహు తక్కువ. ఒక సంగతిని ప్రజల ముందు పెట్టడమే సగం పని అన్న పాఠం మాత్రం ఈయనకు ఇక్కడ దొరికింది. మందుల విచారణలో అదే అక్కరకు వచ్చింది.

1952 లో న్యూహాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో అప్పటి అధ్యక్షుడు హారీ ట్రూమన్‌నే ఓడించాడు. ఆ సంవత్సరం 15 ప్రాథమిక ఎన్నికలలో 12 గెలిచినా, పార్టీ పెద్దలకు ఇష్టుడు కాకపోవడం వలన అభ్యర్థిత్వం ఎడ్లాయ్ స్టీవెన్‌సన్‌కు దక్కింది. 1956 లో పార్టీ మహాసభలో జాన్ కెన్నెడీపై నెగ్గి ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు కాని, ఐసెన్‌హోవర్ ప్రభంజనంలో స్టీవెన్‌సన్‌తోపాటు ఓడిపోయాడు. అదే సంవత్సరం పాఠశాలలలో జాతి వివక్షను సమర్థిస్తూ దక్షిణ రాష్ట్రాల సభ్యులు విడుదల చేసిన ప్రకటనపై సంతకం చేయడానికి నిరాకరించిన ముగ్గురు దక్షిణాది సెనేటర్లలో కీఫావర్ ఒకడు. మిగిలిన ఇద్దరు ఆల్బర్ట్ గోర్ (పెద్ద), లిండన్ జాన్సన్.

మందుల హెచ్చరికలు - అప్పటి పరిస్థితి

కీఫావర్ చేసిన పని అర్థం కావాలంటే అంతకుముందు ఉన్న చట్టాన్ని కొంచెం తెలుసుకోవాలి. 1937 లో ఈయన సొంత రాష్ట్రమైన టెనెసీలోని బ్రిస్టల్ పట్టణంలో మాసెంగిల్ అనే కంపెనీ సల్ఫానిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రవంలో కరిగించి సీసాలలో అమ్మింది. అమ్మేముందు దానివలన ప్రాణహాని ఉంటుందా అని పరీక్షించలేదు, పరీక్షించాలని చట్టమూ లేదు. పిల్లలతో సహా 100 మందికి పైగా మరణించారు. ఆ కంపెనీపై మోపగలిగిన నేరమల్లా, ఆల్కహాలు లేని ద్రవాన్ని ఎలిక్సిర్ అని పిలవడం. దీని తరువాత వచ్చిన 1938 చట్టం ప్రకారం కొత్త మందు అమ్మకానికి ముందు అది సురక్షితమని కంపెనీ ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌డిఏ) కు ఆధారాలు చూపవలసివచ్చింది. ప్రభుత్వం 60 రోజులలో అభ్యంతరం చెప్పకపోతే మందు దానంతటదే అంగడికి చేరేది.

లేబుళ్ళ విషయంలో జరిగింది మరింత విచిత్రం. మామూలుగా ప్రతి మందుపైనా వాడే పద్ధతి ప్రజలకు అర్థమయ్యేటట్లు వ్రాయాలని చట్టం చెప్పింది. కాని డాక్టరు చీటీపై మాత్రమే అమ్మే మందులకు ఈ నియమం నుండి మినహాయింపు ఇస్తూ చేసిన నిబంధనలలో, అటువంటి మందుల లేబుల్‌పై రోగాల ప్రస్తావన సామాన్యునికి అర్థంకాని వైద్య పరిభాషలోనే ఉండాలని విధించారు. సొంత వైద్యం చేసుకొని ప్రమాదం తెచ్చుకోకూడదన్నది దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని తాను మింగే మందు గురించి తెలుసుకొనే దారి రోగికి మూసుకుపోయింది. మందుల షాపులో పెద్ద సీసానుండి మాత్రలు లెక్కపెట్టి చిన్న సీసాలో పోసి ఇచ్చేవారు. కంపెనీ ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే అది షాపులోనే ఉండిపోయేది. చాలాసార్లు చిన్న సీసాపై మందు పేరు కూడా ఉండేది కాదు, రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలో మాత్రమే ఉండేది.

డాక్టర్లయినా తెలుసుకొనేది ఎక్కడినుండి? ఎక్కువగా కంపెనీల మెడికల్ రిప్రజెంటేటివ్‌ల నుండి, వైద్య పత్రికలలోని ప్రకటనల నుండి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1955 వరకు తన పత్రికలో ప్రకటన వేయాలంటే ఆ మందును ముందుగా పరీక్షించి ఆమోదముద్ర వేసేది. ఆ సంవత్సరం ఆ పద్ధతి మానివేసింది. ఆ తరువాత ప్రకటనల ఆదాయం బాగా పెరిగింది.

మందుల విచారణ

1957 లో కీఫావర్ సెనేటు గుత్తాధిపత్య నిరోధక ఉపసంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఉక్కు, మోటారు కార్ల ధరలను పరిశీలించిన తరువాత మందుల పరిశ్రమవైపు తిరిగాడు. ఈ ఆలోచన ఉపసంఘంలోని ఆర్థికవేత్తలు జాన్ బ్లెయిర్, ఐరీన్ టిల్‌లది. మందుల కొనుగోలులో ఉన్న ఒక చిక్కు వీరిని ఆకర్షించింది. ఏ మందు కొనాలో నిర్ణయించే డాక్టరు డబ్బు చెల్లించడు, డబ్బు చెల్లించే రోగి నిర్ణయించలేడు.

1959 డిసెంబరు 7 న విచారణ మొదలైంది. మొదటి సాక్షి షెరింగ్ కంపెనీ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ బ్రౌన్. కీళ్ళవాతానికి వాడే ప్రెడ్నిసొలోన్ మాత్ర ఒక్కొక్కదానికి ముడిమందు ఖర్చు సుమారు 1.6 సెంట్లు కాగా, కంపెనీ దానిని మందుల షాపులకు 17.9 సెంట్లకు అమ్ముతోందని, రోగి 29.8 సెంట్లు చెల్లిస్తున్నాడని లెక్క తేలింది. పోటీ కంపెనీలు కూడా సరిగ్గా అదే 17.9 సెంట్లకు అమ్మడం యాదృచ్ఛికం అని నమ్మడం కష్టం. ఒక హార్మోను మందుపై ముడిసరుకు ఖర్చుకు, అమ్మకపు ధరకు మధ్య వ్యత్యాసం 7,079 శాతమని తేలినపుడు ఆ అంకె మరునాటి పత్రికలన్నిటిలోను వచ్చింది. పరిశోధనకు, ప్రచారానికి, విఫలమైన ప్రయత్నాలకు అయ్యే ఖర్చును కీఫావర్ లెక్కలోకి తీసుకోలేదని కంపెనీలు ఆక్షేపించాయి. ఈ ఆక్షేపణలో కొంత న్యాయం ఉంది. ముడిసరుకు ధరనుబట్టి మందు ఖరీదు నిర్ణయించలేము. అయితే ఆ పరిశోధన ఖర్చు ఎంతో, ప్రచారం ఖర్చు ఎంతో విడివిడిగా చెప్పమన్నపుడు, ప్రచారం పద్దే పెద్దదని బయటపడింది.

ఇలా ధరల విచారణగా మొదలైనది క్రమంగా వేరే దారి పట్టింది. కంపెనీలలో వైద్య విభాగాలకు అధిపతులుగా పనిచేసి బయటకు వచ్చిన డాక్టర్లు కొందరు సాక్ష్యం చెప్పారు. స్క్విబ్ కంపెనీ పూర్వ వైద్యాధికారి డేల్ కన్సోల్, ఫైజర్ సంస్థలో పనిచేసిన హాస్కెల్ వైన్‌స్టీన్ వీరిలో ముఖ్యులు. పనికిరాని మందులు, పనికి తగ్గ ప్రమాదం కంటే ఎక్కువ ప్రమాదం ఉన్న మందులు ప్రచారబలంతో ఎలా అమ్ముడుపోతున్నాయో వారు వివరించారు. దుష్ఫలితాలను గురించి కంపెనీ దగ్గరున్న సమాచారానికి, ప్రకటనలో వేసిన మాటలకు పొంతన లేదని తేలింది.

అంతకంటే దిగ్భ్రాంతి కలిగించినది హెన్రీ వెల్చ్ వ్యవహారం. వెల్చ్ ఎఫ్‌డిఏ లో యాంటిబయాటిక్ మందుల విభాగానికి అధిపతి. ఆయనే యాంటిబయాటిక్ మందులపై వెలువడే పత్రికలకు సంపాదకుడు కూడా. ఆ పత్రికల ప్రకటనలనుండి, కంపెనీలు కొన్న వ్యాసాల ప్రతుల నుండి ఆయనకు కొన్నేళ్ళలో ముట్టిన మొత్తం 2,87,142 డాలర్లని ఉపసంఘం లెక్కతీసింది. తాను ఎవరి మందులను పరిశీలించాలో వారి సొమ్మే తీసుకున్నాడన్నమాట. 1960 మే నెలలో వెల్చ్ పదవి వదులుకున్నాడు.

క్లోరాంఫెనికాల్ ఉదంతం

మన దేశంలో టైఫాయిడ్ జ్వరానికి చాలాకాలం వాడిన క్లోరోమైసెటిన్ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దీని అసలు పేరు క్లోరాంఫెనికాల్. పార్క్-డేవిస్ కంపెనీ 1949 లో దీనిని విడుదల చేసింది. ప్రాణాపాయకరమైన టైఫాయిడ్‌కు ఇది నిజంగా గొప్ప మందు. కాని కొద్దిమందిలో ఇది ఎముక మూలుగను దెబ్బతీసి, రక్తకణాలు తయారుకాకుండా చేసేది. ఏప్లాస్టిక్ ఎనీమియా అనే ఈ జబ్బు వచ్చినవారు ఎక్కువగా మరణించేవారు.

1952 లో ఎఫ్‌డిఏ ఈ మందును నిషేధించకుండా, చిన్న చిన్న జబ్బులకు దీనిని వాడవద్దని లేబుల్‌పై హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. హెచ్చరిక ముద్రితమయింది. కాని కంపెనీ తన ప్రతినిధులకు పంపిన సూచనలలో ఈ నిర్ణయాన్ని మందుకు లభించిన నిర్దోషిత్వ పత్రంలాగా చిత్రించింది. వారు డాక్టర్ల దగ్గరకు వెళ్ళి అదే చెప్పారు. మొదట పడిపోయిన అమ్మకాలు కొద్ది సంవత్సరాలలో మళ్ళీ పుంజుకున్నాయి. జలుబుకు, గొంతునొప్పికి, మొటిమలకు కూడా ఈ మందు వ్రాస్తున్నారని వైద్యులు కీఫావర్ ఎదుట చెప్పారు.

ఈ ఉదంతంలో ఎవరూ హెచ్చరికను దాచలేదు. అది సీసాపై ఉంది. సీసా మందుల షాపు అరలో ఉంది. డాక్టరు ఆ సీసాను చూడడు, రోగికి ఆ సీసా చేరదు. డాక్టరుకు కనిపించేది ప్రకటన, వినిపించేది ప్రతినిధి మాట. ఆ రెంటిలోను హెచ్చరిక లేదు. కాబట్టి లేబుల్‌తో ఆగక ప్రకటనలోనే దుష్ఫలితాలు అచ్చువేయించాలన్న నిర్ణయానికి కీఫావర్ వచ్చాడు. 1961 నుండి ఎఫ్‌డిఏ కూడా చీటీపై అమ్మే మందుల డబ్బాలలో పూర్తి సమాచారంతో మడత కాగితం పెట్టాలని నిబంధన చేసింది. అదీ వైద్యుల కోసం వ్రాసినదే.

బిల్లు

1961 ఏప్రిల్ 12 న కీఫావర్ తన బిల్లును సెనేటులో ప్రవేశపెట్టాడు. మందుపై మూడు సంవత్సరాల తరువాత ఇతర కంపెనీలకు కూడా రాయల్టీపై తయారీ హక్కు ఇవ్వాలన్నది అందులో ఆయనకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైన అంశం. మందు పనిచేస్తుందని ముందుగా ఋజువు చేయాలని, లేబుళ్ళపైన జనరిక్ పేరు స్పష్టంగా ఉండాలని, ప్రకటనలలో దుష్ఫలితాలు తెలపాలని కూడా ప్రతిపాదించాడు. మందు పనిచేస్తుందా లేదా అన్నది తేల్చవలసినది వైద్యులే గాని ప్రభుత్వం కాదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వ్యతిరేకించింది.

బిల్లు నెలల తరబడి నలిగింది. 1962 జూన్ 8 న సెనేటు న్యాయ సంఘంలోని ప్రత్యర్థుల సిబ్బంది, ప్రభుత్వ ఆరోగ్య శాఖ అధికారులు కీఫావర్‌కు తెలియకుండా సమావేశమై బిల్లులోని పదునంతా తీసివేశారు. సొంత పార్టీకి చెందిన కెన్నెడీ ప్రభుత్వమే ఇందులో పాలుపంచుకోవడం ఈయనను మరీ బాధించింది. మృదుభాషి అయిన కీఫావర్ మూడు రోజుల తరువాత నిండు సభలో ఈ రహస్య సమావేశం సంగతి బయటపెట్టాడు. బిల్లు చచ్చినట్లేనని అందరూ అనుకున్నారు.

థాలిడోమైడ్

సరిగ్గా ఆ సమయంలో థాలిడోమైడ్ వార్త వచ్చింది. పశ్చిమ జర్మనీలో తయారైన ఈ నిద్రమందును గర్భిణులు వాడగా, యూరోపు మొదలైన చోట్ల వేలాది శిశువులు కాళ్ళు చేతులు సరిగా లేకుండా జన్మించారు. 1961 నవంబరులో జర్మనీలో దానిని అంగడినుండి తొలగించారు. అమెరికాలో దాని అమ్మకానికి మెరెల్ కంపెనీ 1960 సెప్టెంబరులో దరఖాస్తు చేసింది. ఎఫ్‌డిఏ లో కొత్తగా చేరిన డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ ఆధారాలు చాలవని గడువు ముగిసేలోగా ప్రతిసారీ దరఖాస్తును వెనుకకు పంపింది. ఈ మందు నరాలను దెబ్బతీస్తోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యుడు వ్రాసిన లేఖను ఆమె చదవడం ఆమె అనుమానాన్ని బలపరచింది. ఒక వైద్య పత్రికలో అచ్చయిన నాలుగు ముక్కల హెచ్చరిక చదవవలసిన మనిషి కంటపడితే ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇంత జాగ్రత్త పడినా అమెరికాలో మందు వాడకం జరిగింది. ప్రయోగం పేరుతో కంపెనీ 1,200 మందికి పైగా డాక్టర్లకు సుమారు 25 లక్షల మాత్రలు పంచింది. దాదాపు 20,000 మంది వాటిని మింగారు. తాము మింగేది ఇంకా అనుమతి పొందని మందని వారిలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మందు తిరిగి తీసుకోవలసి వచ్చినపుడు, ఎవరికి ఎన్ని ఇచ్చారో చాలామంది డాక్టర్ల దగ్గర లెక్కే లేదు.

కెల్సీ కథను వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి మార్టన్ మింట్జ్‌కు చేరవేసినది కీఫావర్ సిబ్బందే. 1962 జూలై 15 న అది మొదటి పేజీలో వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అదే మెరెల్ కంపెనీ ఎంఈఆర్-29 అనే కొలెస్టెరాల్ మందును, కళ్ళలో శుక్లాలు కలిగిస్తున్నదని తేలడంతో ఉపసంహరించుకొని ఉంది. జంతువులపై చేసిన పరీక్షల ఫలితాలను కంపెనీ తారుమారు చేసినట్లు తరువాత కోర్టులో తేలింది. రెండు వార్తలు కలిసి ప్రజలను కుదిపివేశాయి. జూన్‌లో బిల్లును కత్తిరించినవారే ఆగస్టులో దానికి కోరలు తొడగడానికి తొందరపడ్డారు. ఆగస్టు 23 న సెనేటు 78-0 వోట్లతో బిల్లును ఆమోదించింది. ప్రతినిధుల సభలో ఓరెన్ హారిస్ దీనిని నడిపించాడు. 1962 అక్టోబరు 10 న కెన్నెడీ సంతకం చేసి, మొదటి కలాన్ని కీఫావర్‌కు ఇచ్చాడు.

1962 చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

ఈ చట్టంతో 60 రోజుల మౌనమే అనుమతి అయ్యే పద్ధతి పోయింది. మందు సురక్షితమని మాత్రమేగాక, చెప్పిన పని చేస్తుందని కూడా తగిన పరీక్షలతో ఋజువు చేయవలసివచ్చింది. వాడుకలోకి వచ్చిన తరువాత బయటపడిన దుష్ఫలితాలను కంపెనీలు ఎఫ్‌డిఏ కు తెలియజేయాలి. చీటీ మందుల ప్రకటనల అదుపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుండి ఎఫ్‌డిఏ కు మారింది. ప్రతి ప్రకటనలోను దుష్ఫలితాలు, ఎవరు వాడకూడదు, ఎంతవరకు పనిచేస్తుంది అన్న సంగ్రహం ఉండాలి. బ్రాండు పేరు ఎంత అక్షరాలలో వేస్తే జనరిక్ పేరు కనీసం అందులో సగం పరిమాణంలో ఉండాలి. ప్రయోగాలలో పాల్గొనే రోగులకు ఆ సంగతి తెలిపి సమ్మతి తీసుకోవాలి. ఈ చివరి నియమంలో డాక్టరు విచక్షణకు వదిలిన మినహాయింపులు ఉన్నాయి.

1938-1962 మధ్య అనుమతి పొందిన మందులన్నిటినీ మళ్ళీ పరిశీలించడం 1966 లో మొదలైంది. 1984 నాటికి నిర్ణయం వెలువడిన 3,443 మందులలో 1,051 పనిచేయనివని తేలింది. మూడింట ఒకవంతు మందులకు అన్నాళ్ళూ ప్రజలు ఊరికే డబ్బు పోశారన్నమాట.

పేటెంటుల అంశం మాత్రం పూర్తిగా పోయింది. కీఫావర్ బయలుదేరింది ధరలు తగ్గించడానికి, సాధించినది హెచ్చరికలు తెప్పించడం. పరీక్షలు కఠినం కావడం వలన కొత్త మందులు ఆలస్యమై రోగులు నష్టపోతున్నారని 1970ల నుండి కొందరు ఆర్థికవేత్తలు ఈ చట్టాన్ని విమర్శించారు. ఈ వాదం నేటికీ తెగలేదు.

మరొక లోటు ఉంది. ఈ హెచ్చరికలన్నీ డాక్టరు బల్లవరకే వచ్చాయి. రోగి చేతికి వ్రాతపూర్వకమైన హెచ్చరిక అందడం కీఫావర్ తరువాతి తరం పోరాటం. 1968 లో ఒక ఉబ్బసం మందుకు చిన్న హెచ్చరిక చేర్చారు. 1970 లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ గర్భనిరోధక మాత్రలపై జరిపిన విచారణ తరువాత, రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తెలిపే కాగితం ప్రతి పొట్లంలోను పెట్టాలని నిర్ణయించారు. రోగులు భయపడతారని, డాక్టరు-రోగి సంబంధం దెబ్బతింటుందని వైద్యులు, కంపెనీలు అభ్యంతరం చెప్పడంతో మొదట వ్రాసిన పాఠాన్ని బాగా కుదించారు. 1980 లో పది తరగతుల మందులకు ఇటువంటి కాగితాలు తప్పనిసరి చేసే ప్రయత్నాన్ని 1982 లో రీగన్ ప్రభుత్వం రద్దుచేసింది. తీవ్రమైన ప్రమాదమున్న మందులకు రోగులకోసమే తేలిక భాషలో వ్రాసిన మార్గదర్శిని ఇవ్వాలన్న నిబంధన 1998 లో గాని రాలేదు. ఇప్పుడు అమెరికాలో మందుల లేబుళ్ళు డైలీమెడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

భారతదేశంతో సంబంధం

కీఫావర్ ఉపసంఘం వివిధ దేశాలలో మందుల ధరలను సేకరించి పోల్చింది. తలసరి ఆదాయం అతి తక్కువగా ఉన్న భారతదేశంలో యాంటిబయాటిక్ మందుల ధరలు ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలో ఉన్నాయని 1961 నాటి నివేదికలో పేర్కొంది. ఈ వాక్యం మన దేశంలో పేటెంటు చట్టంపై జరిగిన చర్చలలో పదే పదే వినిపించింది. తరువాత వచ్చిన 1970 పేటెంటుల చట్టం మందులపై ఉత్పత్తి పేటెంటును తొలగించి తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. 2005 వరకు ఇదే అమలులో ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశ్రమ ఎదగడానికి ఇది ఒక ముఖ్య కారణం. సొంత దేశంలో కీఫావర్ సాధించలేకపోయిన చౌక మందుల ఆశయం ఇక్కడ కొంతవరకు నెరవేరడం చరిత్రలోని ఒక వింత.

ఉపసంఘం ధరలు పరిశీలించిన యాంటిబయాటిక్ మందులలో టెట్రాసైక్లిన్ కుటుంబం ఒకటి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ లెడర్లీ సంస్థలో, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలో వెలుగుచూసింది. ఆయన 1948 లోనే మరణించాడు. ధరల వివాదాలతో ఆయనకు సంబంధం లేదు.

హెచ్చరికల విషయానికి వస్తే, మన దేశంలో మందుల డబ్బాలో దొరికే మడత కాగితం సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటుంది. అది నమోదైన వైద్యులు, ఆసుపత్రులు, ప్రయోగశాలల ఉపయోగానికి మాత్రమే అని పైన ముద్రించడం కూడా పరిపాటి. షాపులో పది మాత్రల అట్టనుండి నాలుగు కత్తిరించి ఇచ్చినపుడు ఆ కాగితమూ రాదు, ఒక్కొక్కసారి మందు పేరూ మిగలదు. 2010 లో భారత ప్రభుత్వం మందుల దుష్ఫలితాల నమోదుకు ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2011 నుండి దీనిని ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. వైద్యులేగాక రోగులు కూడా తమకు కలిగిన దుష్ఫలితాన్ని ఇందులో నేరుగా తెలుపవచ్చు.

చివరి రోజులు

1960 లో మూడవసారి సెనేటుకు పోటీచేసినపుడు మందుల కంపెనీల ఆగ్రహం తనను ఓడిస్తుందని ప్రత్యర్థులు ఆశించినా, కీఫావర్ పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే భారీ ఆధిక్యంతో గెలిచాడు. 1962 లో ఉపగ్రహ సమాచార వ్యవస్థను ప్రైవేటు సంస్థకు అప్పగించే బిల్లును చివరివరకు వ్యతిరేకించి ఓడిపోయాడు. 1963 ఆగస్టు 8 న ఆ సంస్థ గురించే సెనేటులో మాట్లాడుతూ ఉండగా అస్వస్థుడయ్యాడు. బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో చేర్చారు. గుండెనుండి వచ్చే ప్రధాన రక్తనాళం పగిలి ఆగస్టు 10 న మరణించాడు. మాడిసన్‌విల్‌లో కుటుంబ శ్మశానంలో సమాధి చేశారు.

వ్యక్తిగత జీవితం, రచనలు

కీఫావర్ పొడగరి, నెమ్మదిగా మాట్లాడేవాడు, కనిపించిన ప్రతివారికీ చెయ్యి కలిపేవాడు. మద్యం అలవాటు, వైవాహిక జీవితంలో నిలకడ లేకపోవడం ఈయన బలహీనతలని జీవితచరిత్రకారులు దాచకుండా వ్రాశారు. కీఫావర్ దంపతులకు నలుగురు పిల్లలు. భర్త మరణానంతరం నాన్సీ కీఫావర్ విదేశాలలోని అమెరికా రాయబార కార్యాలయాలలో చిత్రకళను ప్రదర్శించే ప్రభుత్వ కార్యక్రమానికి మొదటి డైరెక్టరుగా పనిచేసి 1967 లో మరణించింది.

శాసనసభ పనితీరుపై 1947 లో ఒక గ్రంథం, నేర విచారణ అనుభవాలపై 1951 లో మరొకటి వెలువరించాడు. గుత్తాధిపత్యంపై వ్రాస్తూ ఉండగా మరణించడంతో, మందుల విచారణకు బీజం వేసినవారిలో ఒకరైన ఐరీన్ టిల్ ఆ వ్రాతప్రతిని పూర్తిచేసింది. అది 1965 లో ప్రచురితమైంది. ఈయన పత్రాలు నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నాయి.